ముద్దాయి ఎవరు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. హాస్టల్ జ్ఞాపకాలు, వార్డెన్ సార్ గురించిన కబుర్లు రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను కాబట్టి ఒక మాట గురించి రాద్దామనుకున్నాను. ఆ మాట ‘ముద్దాయి’.

పేపర్లో ఈ మాట మనకు తరచూ కనిపిస్తుంది. ముద్దాయికి రిమాండ్, ముద్దాయిని కోర్టులో హాజరుపరిచారు, ముద్దాయి తరఫు వకీలు వాదించారు అని రాస్తారు. ఎవరి మీద నేరం మోపారో అతను ముద్దాయి. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే ఈ మాట పుట్టిన చోట దీని అర్థం ఇది కాదు. అక్కడ ముద్దాయి అంటే నేరం మోపినవాడు! మోపినవాడి పేరు మోపించుకున్నవాడికి ఎలా అంటుకుందా అని ఆలోచిస్తూ పోతే, అది భాష సంగతి ఒక్కటే కాదనీ, మన హాస్టళ్లలో చదివే చాలామంది ఇళ్ల సంగతి కూడా అనీ నాకు అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

మాట పుట్టిల్లు

ముద్దాయి అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. అరబ్బీలో ‘పిలవడం’ అనే అర్థం ఉన్న ఒక ధాతువు ఉంది. దాని పిల్లలు మనకు చాలామంది తెలుసు. దేవుణ్ణి పిలిచి వేడుకుంటే అది దువా. మనిషిని భోజనానికి పిలిస్తే అది దావత్. ఇది నాది, నాకు ఇప్పించండి అని న్యాయస్థానాన్ని పిలిస్తే అది దావా. ఆ దావా వేసినవాడు ముద్దయీ. ఎవరి మీద వేశాడో అతను ‘ముద్దా అలైహ్’, అంటే ‘ఎవరి మీద దావా ఉందో ఆ మనిషి’. హిందీలో ఇప్పటికీ మొదటివాడు ముద్దయీ, రెండోవాడు ముద్దాలేహ్. ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’ అని వాళ్లకొక సామెత. ఫిర్యాదు చేసినవాడు నీరసంగా ఉంటే సాక్షి మాత్రం హుషారుగా ఉన్నాడని దాని భావం.

మన నెల్లూరు సీమ 1801లో ఇంగ్లీషు కంపెనీ చేతికి పోక ముందు ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండేది. కచేరీ, వకీలు, జామీను, దావా, ఫిర్యాదు వంటి మాటలు నవాబుల కాలపు వ్యవహారం నుంచే మన నోళ్లలో పడ్డాయి. వాటితో పాటు ముద్దాయి కూడా వచ్చింది. కానీ తెలుగులో ఆ ఒక్క మాటే నిలబడింది, అదీ ఎదుటి మనిషికి నిలబడింది. దావా వేసినవాడికి మనం వాది అనీ, ఫిర్యాదీ అనీ వేరే పేర్లు పెట్టుకున్నాం. అతని అసలు పేరు బోనులో నిలబడ్డవాడికి పోయింది.

సంస్కృతం నుంచి వచ్చిన ఇంకో మాట కూడా ఇలాగే వింతగా ఉంటుంది. అభియోగం ఎదుర్కొంటున్నవాడు అభియుక్తుడు. పాత వ్యాఖ్యానాల్లో ‘అభియుక్తులు ఇలా చెప్పారు’ అని ఉంటే మాత్రం పండితులు చెప్పారని అర్థం. పండితుడూ ముద్దాయీ ఒకే మాటలో కాపురం ఉన్నారన్నమాట.

నేరం ఒక బరువు

మనం నేరం ‘మోపుతాం’. నింద ‘వేస్తాం’. ఈ మోపడం అనే క్రియ ఎక్కడిదో పల్లెల నుంచి వచ్చిన తమ్ముళ్లకు వేరే చెప్పనక్కరలేదు. గడ్డి మోపు, కట్టెల మోపు మనం ఎత్తినవే. మోయడం, మోత, మోపు, మోపడం అన్నీ ఒకే ఇంటి మాటలు. ఒకరి నెత్తిన బరువు పెట్టడమే మోపడం.

సంస్కృతం వైపు చూసినా ఇదే కనిపిస్తుంది. ఆరోహణ అంటే ఎక్కడం. ఆరోపణ అంటే ఎక్కించడం. సంగీతంలో స్వరాలు ఎక్కితే ఆరోహణ, మనిషి మీదికి నేరాన్ని ఎక్కిస్తే ఆరోపణ.

మా తడ తమిళనాడు సరిహద్దులో ఉంది. హైవే మీద కాస్త దక్షిణంగా పోతే ఆరంబాక్కం వస్తుంది, అక్కడి నుంచి అరవం. మాకు రెండు భాషలూ చెవిన పడతాయి. అరవంలో నింద వేయడాన్ని ‘పళి సుమత్తు’ అంటారు. సుమై అంటే బరువు. సుమత్తు అంటే మోయించు. కాబట్టి సరిహద్దుకు ఇవతల వాళ్లం, అవతల వాళ్లం నిందను నెత్తి మీద బరువుగానే అనుకున్నాం.

మా తాత ఈ సంగతిని ఏ నిఘంటువూ చూడకుండానే చెప్పేవాడు. ఆయన పులికాట్ సరస్సు పక్కన ఒకరి రొయ్యల గుంటలకు రాత్రి కావలి ఉండేవాడు. ఒకసారి గుంట దగ్గర మోటారు పోయింది. అందరికంటే ముందు మా తాతనే పిలిచి అడిగారు. కావలి పెట్టుకున్నదీ ఆయననే, అనుమానించిందీ ఆయననే. రెండు రోజులు తిప్పి తిప్పి అడిగి చివరికి పొమ్మన్నారు. ఇంటికొచ్చి అన్నాడు: “కట్టెల మోపు ఎత్తుకుంటే దారిలో ఎవురో ఒకరు దించుతారు అబ్బయా. ఈ మోపు ఎత్తేవోళ్లే గానీ దించేవోళ్లు ఉండరు.”

నేను ఎం.ఏ.లో చదివిన పుస్తకాల్లో నింద అన్న మాటకు ఇంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు.

గుమ్మడికాయల దొంగ

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, ఈ హాస్టల్‌కు రాకముందు, వేరే చోట ఉండేవాణ్ణి. ఒకరోజు ఒక అబ్బాయి పెట్టెలో రెండు వందల రూపాయలు కనిపించలేదు. పొద్దున ప్రేయర్‌లో అందరినీ నిలబెట్టారు. డెబ్బైకి పైగా ట్రంకు పెట్టెలున్న ఆ హాస్టల్లో మొదట తెరిచింది నా పెట్టె. మాది యానాది కులమని అక్కడ అందరికీ తెలుసు. నా పెట్టెలో రెండు జతల బట్టలు, కాస్మెటిక్ చార్జీల డబ్బుతో కొన్న సబ్బు, నూనె సీసా, అమ్మ కట్టిచ్చిన ఎండు రొయ్యల పొట్లం ఉన్నాయి. ఆ పొట్లాన్ని కూడా విప్పి చూశారు.

“వాడి మొహం చూడండి, ఎట్లా చెమటలు పట్టాయో” అని వెనక నుంచి ఎవరో అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని ఇంకెవరో సామెత చెప్పారు. అందరూ నవ్వారు.

ఆ సామెత గురించి తర్వాత నేను చాలాసార్లు ఆలోచించాను. గుమ్మడికాయ మీద తెల్లటి బూడిద ఉంటుంది. భుజాన మోసినవాడికి అది అంటుకుంటుంది. అందుకే దొంగ ఎవరని అడగగానే తీసినవాడు భుజం దులుపుకుంటాడని సామెత. బాగానే ఉంది. అయితే ఏ ఊళ్లో ఏది పోయినా తనవైపే చూస్తారని తెలిసినవాడు కూడా భుజాలు తడుముకుంటాడు కదా! అతనిది అలవాటు. తాత తడుముకున్నాడు, తండ్రి తడుముకున్నాడు, అది చూసి పిల్లవాడికీ చెయ్యి భుజం మీదికి పోతుంది. ఆ సామెత కట్టినవాళ్లకు ఈ రెండో మనిషి కనపడలేదు.

ఆరోజు నా తరఫున మాట్లాడింది ఒక్క కామాటి అక్క. చేతిలో చీపురుతో వచ్చి నిలబడి, “వాడు తీస్తుంటే ఎవురు జూసినారు? జూసినోళ్లు ముందుకు రండి” అంది. ఎవరూ రాలేదు. అక్కడితో వెతకడం ఆగిపోయింది. ఆ డబ్బు చివరికి దొరకలేదు. దొరికి ఉంటే నా కథ సినిమాలా ఉండేది. దొరకలేదు కాబట్టి, నేను తీశానని రుజువు కాలేదు, తీయలేదనీ ఎవరూ అనలేదు. పదో తరగతి అయిపోయేదాకా ఆ మోపు నా నెత్తిన అలాగే ఉంది. కామాటి అక్క ఆపై తరగతులు చదువుకున్న మనిషి కాదు. కానీ కోర్టు అడగవలసిన మొదటి ప్రశ్న ఆరోజు అక్కడ ఆమె ఒక్కతే అడిగింది.

ఒకే చేతితో రెండు చట్టాలు

ఆమె అడిగిన ప్రశ్న మన చట్టంలో కూడా ఉందని నాకు డిగ్రీలో తెలిసింది. 1872లో వచ్చిన భారత సాక్ష్య చట్టం ప్రకారం, ఒక విషయం జరిగిందని ఎవరు అంటున్నారో వాళ్లే దాన్ని రుజువు చేయాలి. 2024 జులై 1న ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చినా ఈ సూత్రం మారలేదు. రుజువు చేసే బరువు ముద్దాయి మీద కాక మోపినవాడి మీద ఉండాలన్నమాట.

1872 చట్టాన్ని తయారుచేసింది అప్పటి వైస్రాయి కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడైన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. ఆయన ఆ పదవిలో ఉండగానే, సరిగ్గా అంతకు ముందు ఏడాది 1871లో, నేరస్థ తెగల చట్టం వచ్చింది. ఈ చట్టంలో ఎవరూ ఏమీ రుజువు చేయనక్కరలేదు. ఒక తెగ మొత్తం నేరస్థ తెగ అని ప్రభుత్వం ప్రకటిస్తే చాలు. ఆ ప్రకటనను ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి వీల్లేదు. ఆ తెగలో పుట్టినవాడు పుట్టుకతోనే ముద్దాయి. ఒక ఏడాది ఇలాంటి చట్టం, మరుసటి ఏడాది అలాంటి చట్టం! రెండూ ఒకే ప్రభుత్వం చేసినవే.

మొదట ఉత్తరాదిన అమలైన ఈ చట్టం 1911లో మార్పులతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. మన వైపు ఎరుకలతో పాటు యానాదుల్లో కొందరినీ దాని కిందికి తెచ్చారు. పేర్లు రిజిస్టర్లలో రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు. వేళకు వచ్చి హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. కొందరిని సెటిల్‌మెంట్లలో ఉంచారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ నడిపింది, కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. మా వాళ్లు ఊళ్లకూ చేలకూ కావలి కాసినవాళ్లు. వాళ్లకే కావలి పెట్టారు, అదీ కావలి అనే ఊళ్లో!

భాషలోకి ఆ నింద ఎంత లోతుగా దిగిందో కులాల పేర్లు చూస్తే తెలుస్తుంది. దొంగ ఎరుకల, దొంగ దాసరి అని సర్కారు కాగితాల మీదే రాశారు. ఒక మనిషిని దొంగ అంటే అది ఆరోపణ. మొత్తం కులం పేరుకు ముందు దొంగ అని చేర్చి రాస్తే అది ఆరోపణలా కూడా కనిపించదు, ఇంటిపేరులా కనిపిస్తుంది. దానికి ఎవరూ సాక్ష్యం అడగరు.

ఈ చట్టం పోవాలని పోరాడినవారిలో మన నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ముఖ్యులు. యానాదుల కోసం సంఘం పెట్టి, వాళ్ల జీవితం గురించి ఇంగ్లీషులో పుస్తకం కూడా రాశారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అప్పటి నుంచి ఆ తెగలను విముక్త జాతులంటున్నారు.

కాగితం మీద బరువు దిగింది, మనుషుల మనసుల్లోంచి దిగడానికి ఇంకా సమయం పడుతోంది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాకా, కొన్ని రాష్ట్రాల జైలు నియమావళుల్లో ఈ తెగల ఖైదీల పట్ల తేడా చూపే నిబంధనలు అలాగే ఉన్నాయి. చట్టం రద్దయిన 72 ఏళ్లకు వాటిని కొట్టేశారు. ఎనిమిదో తరగతిలో ముందు నా పెట్టె ఎందుకు తెరిచారన్న ప్రశ్నకు జవాబు ఆ హాస్టల్లో లేదు, 1871 నుంచి నడిచి వచ్చిన ఈ దారిలో ఉంది. అందుకే నాకు ఆరోజు నవ్విన పిల్లల మీద ఇప్పుడు కోపం లేదు. వాళ్లకూ ఎవరో ఆ మాట నేర్పారు.

కృష్ణుడికి ఉన్నది, మనకు లేనిది

వినాయక చవితి నాడు శమంతకమణి కథ చెప్పుకుని అక్షింతలు నెత్తిన వేసుకుంటాం, నీలాపనిందలు రాకూడదని. సత్రాజిత్తు మణి పోయింది, దాన్ని మెడలో వేసుకుని వేటకు వెళ్లిన తమ్ముడు ప్రసేనుడు తిరిగి రాలేదు. కృష్ణుడే మణి కోసం చంపించాడని నింద పుట్టింది. అంతకుముందు ఆ మణిని కృష్ణుడు అడిగి ఉన్నాడు, అదొక్కటే ఆధారం.

కృష్ణుడు ఊరి జనాన్ని వెంటబెట్టుకుని అడవికి పోయాడు. ప్రసేనుడి శవం, గుర్రం కళేబరం, సింహం అడుగులు, ఆ తర్వాత ఎలుగుబంటి అడుగులు వాళ్లకు చూపించాడు. గుహలో జాంబవంతుడితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడి మణి తెచ్చి, నలుగురి ముందు సత్రాజిత్తుకు ఇచ్చాడు. సత్రాజిత్తు సిగ్గుపడ్డాడు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, నింద వేసిన చోటే, నలుగురి ముందే అది తొలగింది. కృష్ణుడికి బలం ఉంది, వెంట వచ్చే జనం ఉన్నారు. రొయ్యల గుంట దగ్గర మా తాతకు ఆ రెండూ లేవు. బలం లేనివాడి నింద తొలగాలంటే వేసినవాళ్లే తొలగించాలి.

ఫిర్యాదు, కేటగిరీ

ఇంకో రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది ఫిర్యాదు. పారశీకంలో దాని అర్థం ఆపదలో ఉన్నవాడి కేక. కాబట్టి నిందకూ ఫిర్యాదుకూ చాలా తేడా ఉంది. నింద ఒకరి నెత్తిన బరువు పెడుతుంది. ఫిర్యాదు నా మీద బరువు పడింది, ఆదుకోండి అంటుంది. హాస్టల్లో డబ్బు పోయిన అబ్బాయి ఫిర్యాదు చేయాల్సిందే, అది అతని హక్కు. ‘నా డబ్బు పోయింది’ అన్నంత వరకు ఫిర్యాదు. ‘ఫలానావాడే తీసి ఉంటాడు’ అన్నదగ్గర నింద మొదలవుతుంది. అదే విధంగా, తప్పుడు నింద పడ్డవాడికి కూడా ఫిర్యాదు చేసే హక్కు ఉంది.

రెండోది కేటగిరీ. స్కాలర్‌షిప్ ఫారంలో, అడ్మిషన్ ఫారంలో ఈ గడి నింపని వాళ్లు మనలో లేరు. ఈ మాట ప్రాచీన గ్రీకు భాషలోది. అక్కడ దాని మొదటి అర్థం నలుగురు చేరిన చోట ఒకరి మీద చేసే ఆరోపణ. అరిస్టాటిల్ దాన్ని విషయాలను తరగతులుగా విడగొట్టడానికి వాడాడు, అక్కడి నుంచి వర్గం అనే అర్థం స్థిరపడింది. ఇది చదివిన రోజు నాకు ఆశ్చర్యం వేసింది. గ్రీకులో ఆరోపణ వర్గమైంది. 1871లో మన వాళ్ల వర్గమే ఆరోపణ అయింది. 1950లో రాజ్యాంగం వచ్చాక అదే కేటగిరీ హాస్టల్లో సీటు, స్కాలర్‌షిప్, చదువుకునే హక్కు అయింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ ఆ గడి నింపడం వల్లనే వచ్చింది. ఆ గడి నింపేటప్పుడు తలదించుకోవలసిన పని ఏ తమ్ముడికీ, ఏ చెల్లికీ లేదు.

హాస్టల్ అన్నాక వస్తువులు పోతాయి, అనుమానాలు వస్తాయి. అప్పుడు కామాటి అక్క అడిగినట్టే అడగండి: ఎవరు చూశారు? ఒకరి పెట్టె తెరిస్తే అందరి పెట్టెలూ తెరవండి, మొదట హాస్టల్ లీడర్ పెట్టె తెరవండి. ఒకరి మీద మాట పడి అది నిజం కాదని తేలినా, ఏమీ తేలకపోయినా, మరుసటి రోజు అదే ప్రేయర్‌లో, అదే గొంతుతో ఆ సంగతి చెప్పండి. మోపిన చోటే దించాలి. మా తాత చెప్పిన మాటలో ఒక లోటు ఉంది, దాన్ని మనం పూడ్చవచ్చు. ఆయన దారిలో దించేవాళ్లు దొరకలేదు. మన హాస్టల్లో దొరకాలి.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు వార్షికోత్సవ శుభాకాంక్షలు.

- పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (తెలుగు), తడ